అమ్మ పోయాక ఫోటోల పెట్టె: ముందు ఎవరిని అడగాలి, ఏవి ఎలా కాపాడుకోవాలి

చెల్లెమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. అమ్మ పోయి ఎనిమిది నెలలు. దేవరకొండ దగ్గర మీ ఊళ్లో, పాత ఇంట్లో రేకు పెట్టె నిండా ఫోటోలున్నాయి. తెరుద్దామంటే నాయిన "ఇప్పుడెందుకు బిడ్డా అవి" అని లేచి బయటికి పోతున్నారు. ఫోటోల్లో సగం మంది ఎవరో మీకు తెలియదు. కొన్ని ఫ్రేము అద్దానికి అంటుకుపోయాయి. తమ్ముడేమో ఏఐతో రంగులు వేయించి సంవత్సరీకానికి పెద్ద ఫ్రేము కట్టిద్దామంటున్నాడు. చివర్లో మీరు అడిగిన మాట, "అసలు ఇప్పుడు ఇవి చూడటం మంచిదేనా, బాధ ఇంకా పెరుగుతుందా" అని.

నేను నల్లగొండలో స్టూడియో నడిపాను. డార్క్‌రూంలో ఎర్ర బల్బు కింద ప్రింట్లు కడిగిన రోజుల నుంచి కలర్ ల్యాబులు, డిజిటల్ దాకా ఇదే పని. ఇప్పుడు స్టూడియో కొడుకు చూసుకుంటున్నాడు కానీ, పాత ఫోటోలు పట్టుకుని నా కోసం వచ్చేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇంట్లో మనిషి పోయాక వచ్చినవాళ్లే. అందుకే స్కానింగ్ సంగతి తర్వాత చెప్తాను. ముందు మనుషుల సంగతి.

ఫోటోలు ఇప్పుడు చూడండి, తప్పేమీ లేదు. ఏడుపొస్తే ఏడవండి. కాకపోతే పెట్టె మొత్తం ఒకేసారి చాప మీద కుమ్మరించొద్దు, రాత్రిపూట ఒక్కరే కూర్చుని చూడొద్దు. పగటిపూట, అన్నాలు తిన్నాక, పక్కన ఇంకొకరు ఉండగా ఒక కవరో ఒక ఆల్బమో చూసి ఆపేయండి. వారాల తరబడి నిద్ర పట్టకుండా, తిండి సయించకుండా ఉంటే మాత్రం డాక్టరును కలవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు, అంటే మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవవాళ్లు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

నాయిన గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ పెట్టెలోని ఫోటోలకు అసలు తాళం చెవి ఆయన దగ్గరే ఉంది. పిల్లల ముందు కళ్లనీళ్లు పెట్టుకోవడం మన దిక్కు పెద్దమనుషులకు అలవాటు లేని పని. పెట్టె ముందు కూర్చోబెట్టి "అమ్మ గురించి చెప్పు నాయినా" అంటే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. అలా అడక్కండి. ఒకే ఒక్క ఫోటో చేతిలోకి తీసుకెళ్లి, అందులో అమ్మ కాకుండా ఇంకేదైనా ఉంటే దాని గురించి అడగండి. "ఈ ఎడ్లు మనవేనా?" "ఈ రేడియో ఎవరిది?" "ఇది ఏ ఇంటి గోడ?" జవాబు చెప్పడానికి ఆయన ఫోటో చేతిలోకి తీసుకుంటారు. అక్కడి నుంచి ముచ్చట దానంతటదే అమ్మ దగ్గరికి వస్తుంది.

మునుగోడు దిక్కు నుంచి ఒక పెద్దాయన, భార్య పోయాక, కూతురితో కలిసి వచ్చారు. భార్య ఫోటో పెద్దది చేయించాలని. కూతురే మాట్లాడుతోంది, ఆయన బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. ఫోటోలో ఆమె వెనకాల ఒక బావి గట్టు, దాని మీద గిరక కనిపిస్తున్నాయి. నాకు ఫోకస్ ఎక్కడుందో చూడాలి కాబట్టి "ఈ బావి మీదేనా" అని అడిగాను. అంతే, ఆయన నోరు విప్పారు. ఆ బావి తవ్వించినప్పుడు ఎంత లోతుకు పోయినా చెమ్మ తగల్లేదట, కూలీలకు ఇవ్వడానికి పైసల్లేవట, ఆమె ఎవరికీ చెప్పకుండా చేతి కడియాలు కుదువ పెట్టించిందట. "మళ్లీ విడిపించనే లేదు" అన్నారు. కూతురు ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఆ ఫోటోలో ఆమె చేతులకు కడియాలు ఎందుకు లేవో ఆ బిడ్డకు అప్పటిదాకా తెలియదు. నేను ఆ ఫోటో ఎంత బాగా పెద్దది చేసినా ఆ సంగతి అందులోకి వచ్చేది కాదు.

అందుకని చెప్తున్నాను. స్కానర్ కొనడం, ఏఐ యాప్‌లు వెతకడం కంటే ముందు చేయాల్సింది ఇది. మీ నాయిన, మీ మేనత్తలు, అమ్మ తోడబుట్టినవాళ్లు, అమ్మతో కలిసి నాట్లకు, కలుపులకు పోయినవాళ్లు, వీళ్లకు ఫోటోలు చూపించి చెప్పింది దాచుకోండి. జాగ్రత్తగా పెడితే కాగితం ఇంకో పదేళ్లయినా అలాగే ఉంటుంది. ఎనభై దాటిన మీ పెద్దమ్మ జ్ఞాపకం అలా ఆగదు.

సంవత్సరీకంలోగా పెత్రమాస వస్తే మీకు అంతకంటే మంచి రోజు దొరకదు. పెద్దల పేర్లు చెప్పి బియ్యం ఇచ్చే రోజు అది, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలు. పండుగకు ఆడబిడ్డలందరూ పుట్టింటికి చేరతారు. అమ్మ పేరు చెప్పి బియ్యం ఇచ్చాక, వంటలయ్యి అందరూ కాస్త తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒక ఆల్బమ్ మధ్యలో పెట్టండి. మీరు అడగాల్సిన పని కూడా ఉండదు. ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరు "కాదు, అది నా పెళ్లిలో" అంటారు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, అందరికీ చెప్పి, పక్కన పెట్టండి. వీడియో వద్దు, కెమెరా చూస్తే మన పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. ప్రతి ఫోటోకూ ఒక నెంబరు ఇచ్చి, చూపించేటప్పుడు ఆ నెంబరు పైకి చదవండి. లేకపోతే తర్వాత రికార్డింగ్ వింటుంటే ఏ ఫోటో గురించి నవ్వుతున్నారో తెలియదు. ఎవరైనా సంవత్సరం తప్పు చెప్పినా అక్కడే సరిదిద్దొద్దు, మాట ఆగిపోతుంది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకోండి.

రాసేటప్పుడు "పెద్దమ్మ", "చిన్నాయన" అని వదిలేయకండి. మీకు పెద్దమ్మ అయిన మనిషి మీ పిల్లలకు ఇంకేదో అవుతుంది, వాళ్ల పిల్లలకు ఎవరో కూడా తెలియదు. ఇంటిపేరుతో సహా పేరు, ఊరు, అమ్మకు ఏమవుతారో రాయండి. పాత బ్లాక్ అండ్ వైట్ కాగితం వెనకాల మెత్తటి పెన్సిల్‌తో, అంచుకు, ఒత్తకుండా రాయొచ్చు. బాల్‌పెన్ను వాడితే గాడి పడి ముందు వైపు ముఖం మీద గీతలా కనిపిస్తుంది. కలర్ ప్రింట్ల వెనక నున్నగా ఉంటుంది, పెన్సిల్ పట్టదు. వాటిని ఒక్కోటి ఒక్కో కాగితం కవరులో పెట్టండి, రాత మాత్రం ఫోటో పెట్టకముందే కవరు మీద రాయండి.

ఏ ఫోటో ఎప్పటిదో ఎవరూ చెప్పలేకపోతే వెనక్కి తిప్పి చూడండి. స్టూడియో ముద్ర ఉంటుంది. అడ్రసులో పిన్‌కోడ్ ఉందంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదే, దేశంలో పిన్‌కోడ్లు మొదలైంది ఆ రోజే. లేనంత మాత్రాన అంతకు ముందుదని మాత్రం అనుకోవద్దు. పాత ముద్రనే ఏళ్లకేళ్లు కొట్టినవాళ్లున్నారు. ఫోటోలో బండి ఉంటే నెంబరు చూడండి. ఏపీ 24 నల్లగొండది, ఏపీ 22 మహబూబ్‌నగర్‌ది. ఈ అంకెల పద్ధతి 1989 నుంచి వచ్చింది. టీఎస్ 05, టీఎస్ 06 అయితే 2014 తర్వాతివి. హీరో హోండా సీడీ 100 మీద కూర్చుని దిగితే 1985కు ముందుది కాదు. మన జిల్లాలో దాదాపు ప్రతి ఇంట్లో సాగర్ డ్యామ్ దగ్గర దిగిన ఫోటో ఒకటుంటుంది. ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో, పైన గేట్లు పూర్తయ్యింది 1974కి. వెనకాల గేట్లు వరసగా కనిపిస్తుంటే ఆ తర్వాత దిగిందన్నమాట. కలర్ ఫోటో మూలన నారింజ రంగు అంకెల్లో పడే తేదీని గుడ్డిగా నమ్మొద్దు, కెమెరాలో తేదీ సరిచేయకుండానే తీసినవి బోలెడు. వీటన్నిటికంటే గట్టి ఆధారం చంకలో ఉన్న పిల్ల. ఆ పిల్ల ఎవరో తెలిస్తే సంవత్సరం తెలిసినట్టే.

ఒక్కోసారి మనిషి కోసం తెచ్చిన ఫోటోలో ఇంకేదో విలువైనది ఉంటుంది. కొల్లాపూర్, ఆలంపూర్ దిక్కున శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో ఊళ్లు మునిగినవాళ్లు వచ్చినప్పుడు చూశాను. తాత ముఖం కంటే ముందు వెనకాల ఉన్న గడపను వేలితో తడుముతారు. ఆ ఇంటికి మిగిలింది ఆ ఒక్క బొమ్మే. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, ముఖం వరకు కత్తిరించి మిగతాది పారేయొద్దని. అంచులు కూడా స్కాన్ చేయించండి.

ఇక మీరు రాయని సంగతి ఒకటి ఉంది, కానీ పెట్టె పూర్తిగా చూశాక మీకే తడుతుంది. అమ్మ ఉన్న ఫోటోలు తక్కువ ఉంటాయి. నాయినవి ఉంటాయి, మీవి ఉంటాయి, అమ్మది పెళ్లి ఫోటో ఒకటి, ఎవరి పెళ్లిలోనో పక్కకు నిలబడ్డది ఒకటి. నేను ఎన్నో పెళ్లిళ్లకు కెమెరా పట్టుకుని తిరిగినవాణ్ణి కాబట్టి కారణం తెలుసు. స్టేజీ మీద గ్రూప్ ఫోటోకు పిలిచినప్పుడు ఆడవాళ్లు వంటల దగ్గర ఉండేవాళ్లు, లేదా పిల్లాడికి అన్నం తినిపిస్తూ ఉండేవాళ్లు. వచ్చినా వెనక వరసలో నిలబడేవాళ్లు. అందుకే అమ్మను మీ పెట్టెలో మాత్రమే వెతికితే సరిపోదు. చుట్టాల పెళ్లి ఆల్బములు అడగండి. వాటిలో స్టేజీ ఫోటోలు దాటేసి భోజనాల పేజీలకు, అప్పగింతల పేజీలకు వెళ్లండి. బంతిలో వడ్డిస్తూ, పెళ్లికూతురి వెనక కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తూ అమ్మ అక్కడ దొరుకుతుంది. అవే మంచి ఫోటోలు కూడా, ఎందుకంటే ఆమె కెమెరాను చూడలేదు.

పెళ్లి వీడియో క్యాసెట్లు ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే అవి మరీ ముఖ్యం. వాటిలో మనిషి నడక ఉంటుంది, అదృష్టం బాగుంటే గొంతు ఉంటుంది. క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు హైదరాబాదులో ఇంకా ఉన్నారు. బూజు పట్టిన క్యాసెట్‌ను ఇంట్లో ప్లేయర్లో వేసి చూడొద్దు, టేపు తెగుతుంది. ముందు శుభ్రం చేయించాలి.

ఇంకా కాగితాల్లో వెతకండి. పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం, పాత రేషన్ కార్డు, ఓటరు కార్డు, మహిళా సంఘం గ్రూపు ఫోటో. పాలమూరు దిక్కు వలస పోయిన ఇళ్లలో, అంటే బొంబాయి, పూణె పనులకు పోయి వచ్చినవాళ్లలో, తల్లి ఫోటో ఇలాంటి కాగితాల మీద తప్ప ఎక్కడా లేనివాళ్లను చూశాను. అలాంటి చిన్న ఫోటోను పుస్తకం నుంచి పీకొద్దు. పేజీతో సహా స్కాన్ చేయిస్తే చాలు.

ఇప్పుడు మీ అద్దం ఫోటోలు. లాగొద్దు, గోరుతోగానీ బ్లేడుతోగానీ గీకొద్దు. ఫోటో కాగితం పైన జెలటిన్ పొర ఉంటుంది, బొమ్మ ఉండేది అందులోనే. వానాకాలం గోడ చెమ్మకు ఆ పొర మెత్తబడి అద్దానికి పట్టుకుంటుంది. లాగితే ముఖమే అద్దం మీద ఉండిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి. పైన అద్దం మాత్రం మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, నీళ్లు చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతాయి. ఫోన్‌తో తీయాలంటే వసారాలో నీడపట్టున పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకుని, ఫ్లాష్ లేకుండా, ఫోన్ వెనక ఒక నల్ల గుడ్డ అడ్డం పట్టండి. అద్దంలో మీ నీడ పడదు. ఆ ఫ్రేమును అలాగే ఉంచేయండి.

ప్లాస్టిక్ షీటు కింద జిగురు పేజీలుండే ఆల్బములు ఉంటాయి. వాటిలోంచి ఫోటో సులువుగా వస్తే తీయండి, రాకపోతే పళ్ల సందుల్లో వాడే సన్న దారాన్ని ఫోటో కిందకు పోనిచ్చి అటూ ఇటూ నెమ్మదిగా జరపండి. అయినా రాకపోతే పేజీ మొత్తం ఫోటో తీసుకోండి. తెల్ల బూజును పొడి మెత్తటి బ్రష్‌తో, ఇంటి బయట దులపాలి. తడిగుడ్డ, స్పిరిట్, కొబ్బరినూనె ఏవీ వద్దు. రేకు పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంటే ఈ రోజే తీసేయండి, ఆ ఆవిరి ఫోటోలకు మంచిది కాదు. లామినేషన్ అసలు వద్దు. పెట్టెను నేల మీద నుంచి లేపి, బయటి గోడకు ఆనించకుండా, వంటింటికి దూరంగా పెట్టండి.

నెగటివ్‌లు దొరికితే పారేయకండి. చాలామంది నల్లగా ఉన్నాయని చెత్తలో వేస్తారు. ప్రింటు పాడైనా నెగటివ్ బాగుంటే కొత్త ఫోటో అంత స్పష్టంగా వస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు మీ పిల్లల పిల్లలదాకా ఉంటాయి, వాటిలో బొమ్మ వెండితో ఏర్పడింది కాబట్టి. తొందర పడాల్సింది 1970లు, 80ల కలర్ ప్రింట్ల గురించి. అవి పెట్టెలో చీకట్లో ఉన్నా సరే నీలం పాళ్లు తగ్గి ఎర్రబారిపోతాయి. స్కానింగ్ వాటితోనే మొదలుపెట్టండి. పోస్టుకార్డు సైజుకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), పాస్‌పోర్ట్ సైజుకు 1200. బ్లాక్ అండ్ వైట్‌ను కూడా కలర్ మోడ్‌లోనే చేయమనండి. చుట్టాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి తర్వాత ప్రింటుకు పనికిరాదు. కాపీలన్నీ అయ్యాకే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అసలు ఫోటోలు పంచుకోవాలి.

తమ్ముడి ఏఐ ఆలోచన దగ్గరికి వద్దాం. అతను ప్రేమతోనే అంటున్నాడు, కాదనొద్దు. కానీ ఒక షరతు పెట్టండి. చిన్న, మసక ముఖాన్ని ఏఐ బాగు చేసేటప్పుడు లేని వివరాలు ఊహించి పెడుతుంది. కళ్లు మెరుస్తాయి, పళ్లు వరసగా వస్తాయి, ముడతలు పోతాయి. దూరం నుంచి చూస్తే బాగుంటుంది. ఇంట్లోవాళ్లు దగ్గరికొచ్చి చూసి "ఇది అమ్మలాగా ఉంది కానీ అమ్మ కాదు" అంటారు. అమ్మకు గడ్డం మీదో చేతి మీదో పచ్చబొట్టు ఉందా? ఉంటే ముందే చెప్పండి. మరక అనుకుని ఆ సాఫ్ట్‌వేరూ తుడిచేస్తుంది, తెలియని కుర్ర డిజైనరూ తుడిచేస్తాడు. ఒకాయన తల్లి ఫ్రేము కట్టించి ఇంటికి తీసుకెళ్తే, ఆమె చెల్లెలు మొట్టమొదట అడిగింది పచ్చబొట్టు ఏదని. మళ్లీ వచ్చి వేయించుకుని పోయాడు. మేం కూడా పెళ్లిచూపుల ఫోటోలకు నెగటివ్ మీద పెన్సిల్‌తో మశూచి మచ్చలు పూడ్చినవాళ్లమే, దిద్దడం కొత్తేం కాదు. పోయిన మనిషి ఫోటోకు మాత్రం మచ్చ కూడా ఆ మనిషిదే.

రంగులు వేయించాలనుకుంటే చీర రంగు ఏఐకి వదిలేయకండి. మీ పెద్దమ్మను అడగండి. పెళ్లి చీర ఏ రంగో, అంచు ఏదో, అది గద్వాల నుంచి తెచ్చిందో నల్లగొండ బజారులో కొన్నదో ఆమె కచ్చితంగా చెప్తుంది. రంగు వేసిన ఫైలు పక్కన అసలు స్కాన్ ఎప్పుడూ తాకకుండా ఉంచండి.

ఫ్రేముకు ఏ ఫోటో అంటే, ఆధార్ ఫోటో తప్ప ఏదైనా. ఫ్రేము షాపువాళ్లు తొందరలో అదే అడుగుతారు, కావాల్సినప్పుడు చేతికి దొరికేది కూడా అదే. మీకు ఇంకా టైం ఉంది. ముఖం కనీసం బొటనవేలి గోరంత ఉన్న ఫోటో అయితే గోడ మీద పెట్టేంత పెద్దది చేయొచ్చు. అంతకంటే చిన్నది అయితే ఫ్రేమే చిన్నది కట్టించండి. మూడు నాలుగు ఫోటోలు మామూలు సైజులో ప్రింటు తీయించి నాయిన ముందు పెట్టి, ఆయన ఏది తీసుకుంటారో చూడండి. అదే పెట్టండి, మీకు ఇంకోటి నచ్చినా సరే.

పెట్టె అడుగున సావు ఫోటోలు కూడా ఉండొచ్చు. మన ఊళ్లలో మనిషి పోతే ఫోటోగ్రాఫర్‌ను పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, దండలు వేసి, చుట్టూ కుటుంబం నిలబడి దిగేవాళ్లు. బతికున్నప్పుడు ఫోటోయే దిగనివాళ్లకు అదొక్కటే గుర్తు. అవి కనిపిస్తే భయపడొద్దు, చింపొద్దు. మీ పిల్లలు అనుకోకుండా చూడకుండా విడిగా ఒక కవరులో పెట్టి, పేరు రాయండి. అందులో చుట్టూ నిలబడ్డవాళ్లను మాత్రం ఒకసారి పరిశీలనగా చూడండి. అమ్మమ్మ పోయినప్పటి ఫోటో అయితే, పక్కన తల వంచుకుని నిలబడ్డ పడుచుపిల్ల మీ అమ్మే కావచ్చు.

పొలంలో సమాధి కట్టిస్తున్నారని రాశారు కాబట్టి ఆఖరుగా ఒకటి. సమాధి మీదకు మామూలు ప్రింటుకు అద్దం బిగించి పెట్టొద్దు, మన ఎండకు రెండు మూడు వేసవులకే తెల్లబారుతుంది. సిరామిక్ పలక మీద వేయించండి, లేదా గ్రానైట్ మీద చెక్కించండి. వాళ్లకు కూడా ఏఐ ఫైలు ఇవ్వకుండా అసలు స్కానే ఇచ్చి, పచ్చబొట్టు సంగతి కాగితం మీద రాసివ్వండి.